మాంబళంలో దిగే తెలుగువాళ్లు

మదరాసు మాట ఎత్తితే తెలుగువాళ్లం ఒక తేదీ దగ్గర ఆగిపోతాం. 1952 డిసెంబరు 15 రాత్రి మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదరాసు మన వంతుకు రాలేదు. ఆనాటి నుంచి “మదరాసు పోయింది” అన్న మాట మన ఇళ్లలో స్థిరపడిపోయింది. రాజకీయంగా ఆ మాటలో తప్పు లేదు. కానీ రాజధాని వేరు, ఊరు వేరు. రాజధాని చేజారిన నాలుగేళ్లకు, 1957లో, ఆ ఊళ్లో తయారైన ‘మాయాబజార్’ విడుదలైంది. తొమ్మిదేళ్లకు, 1962లో, ‘గుండమ్మ కథ’ వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు ‘చందమామ’లో చేరింది 1952లో, 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రిక పనిలోనే, ఆ ఊళ్లోనే ఉన్నారు. శ్రీశ్రీ 1983లో కన్నుమూసింది కూడా అక్కడే. తెలుగువాళ్ల మదరాసుకు నిండు ప్రాయం 1953 తరువాతే వచ్చిందన్నమాట. మరి అది ఎప్పుడు పోయింది, ఎలా పోయింది? ఈ ప్రశ్నకు జవాబు శాసనసభ చర్చల్లో దొరకదు. ఒక చిన్న లోకల్ స్టేషను మెట్ల దగ్గర నిలబడి చూస్తే దొరుకుతుందని నా నమ్మకం. ఆ స్టేషను మాంబళం.

మదరాసు బీచి నుంచి తాంబరం దాకా సుమారు 29 కిలోమీటర్ల దారి అది. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ 1931లో ఆ మీటర్ గేజి పట్టాల మీద కరెంటుతో నడిచే బండ్లు వేసింది. మన జిల్లాల్లో రైలంటే బొగ్గూ పొగా తప్ప మరొకటి తెలియని కాలం. అందుకే మదరాసు తెలుగు ఇళ్లలో దాన్ని లోకల్ అని గానీ సబర్బన్ అని గానీ అనేవారు కాదు, “ఎలక్ట్రిక్ ట్రెయిన్” అనేవారు. కొత్తదనం పోయి రెండు తరాలు గడిచినా ఆ పేరు పోలేదు. బీచి, కోట, పార్కు, ఎగ్మూరు, చేట్‌పట్, నుంగంబాకం, కోడంబాకం, మాంబళం, సైదాపేట, గిండీ, ఆ పైన మీనంబాకం, పల్లావరం, క్రోంపేట, శానటోరియం, తాంబరం. ఈ పేర్ల వరసను ఒకసారి తెలుగువాడి కళ్లతో చదవాలి. తెలుగువాళ్ల మదరాసు ఒక పేట కాదు. బొంబాయిలో కామాటిపుర లాగా ఇదిగో ఇక్కడుంది అని గిరి గీసి చూపించగలిగింది కాదు. అది ఒక దారానికి గుచ్చిన పూసల వరస. ఆ దారం ఈ రైలు. పూసలు ఒకటొకటిగా జారిపోయాక దారం మాత్రం మిగిలింది. నా వాదన ఇంతే. దీనికి రుజువులు ఆ స్టేషన్ల దగ్గరే ఉన్నాయి.

ముందు ఒక చిన్న సాంకేతిక సంగతి. బెజవాడ వైపు నుంచి వచ్చే దారి బ్రాడ్‌గేజి. హౌరా మెయిలు, గ్రాండ్ ట్రంక్, కాకినాడ నుంచి సర్కారు ఎక్స్‌ప్రెస్సు, ఆ రోజుల్లో అన్నీ వచ్చి సెంట్రల్లో ఆగాల్సిందే. అక్కడితో ఆ పట్టాలు సరి. దక్షిణానికి పోయే మీటర్ గేజి వేరే కంపెనీది, దాని పెద్ద స్టేషను ఎగ్మూరు. పట్టాల వెడల్పే వేరు కాబట్టి తెలుగుదేశం నుంచి వచ్చిన ఏ రైలూ మాంబళం దాకా పోలేదు. వచ్చినవాడు సెంట్రల్లో దిగి, ట్రంకుపెట్టె చేతబట్టుకొని, పూనమల్లి హైరోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పార్కు స్టేషన్లో రెండో రైలు ఎక్కాలి. నెల్లూరు నుంచి వచ్చినా, తెనాలి నుంచి వచ్చినా, విశాఖపట్నం నుంచి వచ్చినా ఆ రోడ్డు దాటడం తప్పదు. ఇద్దరు ఇంజనీర్ల కొలతల్లో వచ్చిన తేడా ఒక జాతి ప్రయాణానికి ఇలా ఒక గడప కట్టింది. రాత్రంతా తెలుగు మాటల మధ్య కూర్చుని వచ్చినవాడికి పార్కు స్టేషను టికెట్ల కిటికీ దగ్గరే మొదటిసారి తమిళం ఎదురయ్యేది. “కోడంబాకం ఒకటి” అనో “మాంబళం ఒకటి” అనో అడిగితే చేతికొచ్చే ఆ చిన్న అట్ట టికెట్టు చాలామంది జీవితాల్లో మొదటి మదరాసు కాగితం.

ఇక పూసలు. ఉత్తరపు కొసన బీచి స్టేషను. దిగితే జార్జిటౌను. తంబుచెట్టి వీధిలో ‘ఆంధ్రపత్రిక’. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1914లో దాన్ని మదరాసులో దినపత్రికగా నిలిపారు. ఆ చుట్టుపక్కలే వావిళ్ల వారి ముద్రణాలయం, కన్యకా పరమేశ్వరీ దేవస్థానం, దాని విద్యాసంస్థలు, కోమటి వర్తకుల దుకాణాలు. తెలుగు అచ్చు, తెలుగు వ్యాపారం అక్కడ ఉండేవి. రెండు స్టేషన్లు ఇవతల పార్కు. సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్టు. పాత పుస్తకాల కోసం తెలుగు పండితులూ విద్యార్థులూ గంటల తరబడి తిరిగిన ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. ఆ తరువాత ఎగ్మూరు. కన్నెమరా గ్రంథాలయం అక్కడే. 1938లో మొదలైన ఆకాశవాణి మదరాసు కేంద్రం మొదటి పదిహేనేళ్లూ ఉన్నది కూడా ఆ పక్కనే. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారి చేతుల్లో తెలుగు లలిత సంగీతం రూపు దిద్దుకున్నది ఆ స్టూడియోల్లో. దక్షిణాన సైదాపేటలో టీచర్స్ కాలేజి. మన హైస్కూళ్లలో పాఠాలు చెప్పిన ఎల్.టి. పంతుళ్లలో ఎందరో అక్కడ తర్ఫీదైనవాళ్లే. గిండీలో ఇంజనీరింగు కాలేజి. నాగార్జునసాగర్‌తో పేరు ముడిపడ్డ కె.ఎల్.రావు అక్కడి విద్యార్థి. చివరన తాంబరం, మద్రాసు క్రిస్టియన్ కాలేజి 1937లో ఊరి నడుమ నుంచి అక్కడికి తరలింది. దానికి ముందు స్టేషను పేరే శానటోరియం. 1928లో వెలిసిన క్షయ ఆసుపత్రి అది. క్షయ అంటే చావే అనుకునే రోజుల్లో కోస్తా జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి రోగులు, వాళ్ల వెంట క్యారియర్లు మోసే బంధువులు ఆ ప్లాట్‌ఫారం మీద దిగేవారు. పత్రిక, పుస్తకం, పాట, చదువు, జబ్బు: ఒక జాతి తన పనుల మీద పట్నానికి వెళ్లే కారణాలన్నీ ఒకే రైలు దారిలో ఇలా వరసగా నిలబడిన ఊరు మరొకటి మనకు లేదు. హైదరాబాదులో కూడా లేదు.

ఈ వరసకు నడిమి పూస మాంబళం, దాని జంట కోడంబాకం. మాంబళం పక్కన త్యాగరాయనగరు ఉన్న చోట ఒకప్పుడు పెద్ద చెరువు. 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఆ చెరువు నేలను పూడ్చి, వీధులు కొలిచి, కొత్త పేట కట్టింది. పశ్చిమ మాంబళంలో లేక్‌వ్యూ రోడ్డు అని ఒకటి నేటికీ ఉంది. చూడటానికి చెరువు మాత్రం లేదు. పేటకు పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, నడిమి పార్కుకు పేరు పానగల్ రాజాది. ఇద్దరివీ తెలుగు ఇళ్లే. ఒకరు మదరాసు కార్పొరేషనుకు అధ్యక్షుడు, మరొకరు 1921 నుంచి 1926 దాకా రాష్ట్రానికి ‘ఫస్ట్ మినిస్టర్’. జి.ఎన్.చెట్టి రోడ్డు, వెంకటనారాయణ రోడ్డు అంటూ వీధుల పేర్లలోనూ తెలుగు వినపడుతుంది. పేట వెలిసిన కొద్ది ఏళ్లకే, 1931లో, దాని పడమటి అంచున కరెంటు రైలు వచ్చింది. ఇది గమనించదగ్గ విషయం. కొత్తగా కొలిచిన నేల, విశాలమైన ఇళ్లు, ఇరవై నిమిషాల్లో సెంట్రల్ దగ్గర దింపే రైలు. జార్జిటౌనులో ఒకరి గోడకు ఒకరి గోడ ఆనించి బతికిన మధ్యతరగతి అక్కడికి కదలడానికి ఇంతకన్నా ఏం కావాలి? స్టేషనుకు తూర్పున రంగనాథన్ వీధి గుండా నడిస్తే ఉస్మాన్ రోడ్డు, అక్కడి నుంచి పానగల్ పార్కు, పాండీ బజారు. పడమట పశ్చిమ మాంబళం, ఇరుకు ఇళ్లు, కాస్త తక్కువ అద్దెలు. డబ్బున్నవాడు తూర్పుకు, లేనివాడు పడమటికి. ఎవరు ఎటు పోయినా దిగేది మాత్రం ఒకటే ప్లాట్‌ఫారం.

సినిమా దీని మీదికి తరువాత వచ్చి చేరింది, దీన్ని సృష్టించలేదు. 1940ల చివరలో కోడంబాకం దాటిన తరువాత వడపళని చుట్టూ తోటలూ బీళ్లూ ఉన్న నేలలో స్టూడియోలు లేచాయి. బి.ఎన్.రెడ్డి, మూలా నారాయణస్వామి తలపెట్టిన వాహిని అక్కడే. నాగిరెడ్డి, చక్రపాణి చేతుల్లోకి వచ్చాక అది విజయా వాహిని అయింది. కారైక్కుడి నుంచి ఎ.వి.ఎం. వచ్చింది. భానుమతి, రామకృష్ణ దంపతుల భరణీ స్టూడియో సాలిగ్రామంలో. ‘చందమామ’ ప్రెస్సు, కార్యాలయం వడపళనిలోనే. 1947 జూలైలో ఆ పత్రిక తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి పుట్టడం ఆ నేల స్వభావానికి తగినట్టే ఉంది. స్టూడియోలు ఎందుకు అక్కడే వచ్చాయి? నేల చౌక అన్నది మొదటి జవాబు. కానీ ఊరి చుట్టూ చౌక నేల ఇంకా చాలా ఉంది. స్టేషను నుంచి రెండు మూడు కిలోమీటర్లు, ఆర్కాటు రోడ్డు మీద తిన్నని దారి. రోజుకు వందల మందిని పిలిచి పంపాల్సిన పనికి అలాంటి చోటు కావాలి. మాటల చిత్రానికి నిశ్శబ్దమూ కావాలి. రైలు కూత వినపడనంత దూరం, రైలు దిగినవాడు నడిచి రాగలిగినంత దగ్గర. ఆ కొలత కోడంబాకానికి కుదిరింది.

ఇప్పుడు ఆ ప్లాట్‌ఫారం మీద మనుషులు. ఉదయం ఏడింటి కాల్షీటుకు అందుకోవాల్సిన ఎక్స్‌ట్రాలు, మేకప్ అసిస్టెంట్లు, వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకున్న ఆర్కెస్ట్రా వాద్యకారులు, గ్యాలీ ప్రూఫులు సంచిలో వేసుకొని జార్జిటౌనుకు పోయే పత్రికల ఉద్యోగులు, సీజన్ టికెట్టు జేబులో పెట్టుకున్న పోర్టు గుమాస్తాలు, ఏజీ ఆఫీసు గుమాస్తాలు, గిండీ విద్యార్థులు, శానటోరియానికి క్యారియరు పట్టుకెళ్లే ఒక తమ్ముడో భార్యో. వీళ్లలో తెలుగువాళ్లు సగం కూడా ఉండరు. పెట్టె నిండా తమిళులే. నా దృష్టిలో ఆ జీవితానికి అసలు రుచి ఇందులోనే ఉంది. ఒకరిలో ఒకరు కలవకుండా, ఒకరికి ఒకరు పరాయి కాకుండా రెండు భాషలు ఒకే బెంచీ మీద సర్దుకొని కూర్చున్నాయి. విజయా వారి ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ రెండు భాషల్లోనూ తీయగలిగారంటే సెట్లు కలిసిరావడం ఒక్కటే కారణం కాదు. ఆ సెట్లో మేకు కొట్టిన వడ్రంగి నుంచి పాట కట్టిన సంగీత దర్శకుడి దాకా అందరూ ఉదయం లేచింది మొదలు రెండు భాషల్లో బతికారు. సాయంత్రం మాంబళంలో దిగినవాడికి పాండీ బజారులో మెస్సు భోజనం, రాజకుమారి టాకీసు, దాని దగ్గర చెట్ల కింద రేపటి వేషం గురించి కబుర్లు. బజుల్లా రోడ్డులో ఎన్.టి.రామారావు ఇల్లు, హబీబుల్లా రోడ్డులో సావిత్రి ఇల్లు, ఉస్మాన్ రోడ్డులో ఘంటసాల ఇల్లు. స్టేషను నుంచి ఇవన్నీ నడక దూరం. పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడూ శిఖరం మీద కూర్చున్నవాడూ ఒకే పిన్‌కోడులో ఉన్న ఊరు అది. హైదరాబాదు సినిమా పేటల్లో అలాంటి సామీప్యం లేదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. సినిమావాళ్లు రైళ్లలో తిరిగారా? వాళ్లకు కార్లు ఉన్నాయి, కంపెనీ వ్యాన్లు ఉన్నాయి, ఆర్కాటు రోడ్డు మీద బస్సులు ఉన్నాయి. నిజమే. వ్యాను పాత్ర తక్కువ కాదు. తెల్లవారకముందే పాండీ బజారులో ఆగి మనుషులను ఎక్కించుకుపోయే వ్యాను లేకపోతే షూటింగే లేదు. కానీ వ్యాను ఆగేది ఎక్కడ మనుషులు ముందే పోగై ఉంటారో అక్కడ. వాళ్లను అక్కడ పోగుచేసింది ఆ స్టేషన్ల చుట్టూ దొరికిన చౌక గది, చౌక మెస్సు. పైగా కార్లకు, రైలుకు మధ్య ఒక పాత సంబంధం ఉంది. కోడంబాకం దగ్గర రైలు గేటు ఉండేది. 1960లలో వంతెన కట్టేదాకా, టి.నగరు నుంచి వడపళనికి పోయే ప్రతి తారా ఆ గేటు పడితే ఆగాల్సిందే. గేటు దగ్గర ఆగిన కార్లలో తారలను చూడటానికి జనం కాచుకొని ఉండేవారని ఆ పేట పెద్దలు చెప్పుకునే మాట. తారను ఆపింది జనం ఎక్కిన రైలే. అభ్యంతరంలో ఇంకో సగం కూడా ఒప్పుకోవాలి. తెలుగు మదరాసంతా ఈ పట్టాల పక్కన లేదు. ‘ఆంధ్రప్రభ’, జెమినీ మౌంట్ రోడ్డు వైపున ఉన్నాయి. కేసరి కుటీరం, ఆంధ్ర మహిళా సభ తూర్పు దిక్కున, మైలాపూరు, అడయారుల వైపు పెరిగినవి. శ్రీరాములు దీక్ష జరిగిన ఇల్లు సరే సరి. నేను అంటున్నది అన్నీ రైలు పక్కనే ఉన్నాయని కాదు. విడివిడిగా ఉన్న చోట్లను ఒక రోజులో, చేతిలో ఉన్న కొద్ది చిల్లరతో, కలిపి తిరగగలిగేలా చేసింది ఆ రైలని. అలా కలిపి తిరిగితేనే చెదురుమదురు ఇళ్లు ఒక ఊరవుతాయి.

ఇంకొకరు అనవచ్చు: మదరాసులో తెలుగువాళ్లు రైలుకన్నా మూడు వందల ఏళ్లు పాతవాళ్లు కదా అని. 1639లో ఇంగ్లీషువాళ్లకు ఆ తీరం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు, చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్పది, కంపెనీకి ముఖ్య వర్తకుడు బేరి తిమ్మన్న. ఈ చరిత్ర మనకు గర్వకారణం, అందులో సందేహం లేదు. అయితే అది వర్తకుల, దుబాసీల చరిత్ర. కోట చుట్టూ నడిచి తిరిగిన చిన్న ఊరు. పల్లె నుంచి ఏ సిఫార్సూ లేకుండా వచ్చిన కుర్రవాడికి ఆ ఊళ్లో చోటు లేదు. ట్రాములు 1895 నుంచి కొంత దారి తెరిచాయి. ఆ ట్రాములు 1953 ఏప్రిల్లో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి కొన్ని నెలల ముందు, ఆగిపోయాయి. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు సామాన్య తెలుగువాడి మదరాసును మోసింది ఎలక్ట్రిక్ ట్రెయినే. “మదరాసు మనదే” అన్న నినాదం ఆ వర్తకుల పాత హక్కు మీద నిలబడి పలికింది. రైలులో వచ్చిన తెలుగువాడు హక్కు అడగలేదు, పని అడిగాడు. నినాదం ఓడిపోయాక కూడా అతను రావడం మానకపోవడానికి కారణం అదే.

పూసలు రాలిన తీరు వేరువేరు. మొదట రాలింది శానటోరియం, అది రాలినందుకు అందరం సంతోషించాలి. చేట్‌పట్‌లో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, ఇంటి దగ్గరే ఉండి మందులు వాడినా శానటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది. ఒకే రైలు దారిలో ఒక స్టేషను దగ్గర చేసిన పరిశోధన మరో స్టేషనుకు వచ్చే ప్రయాణాన్ని అనవసరం చేసింది. ప్రపంచ వైద్యాన్ని మార్చిన ఆ ఫలితం మన పల్లెల్లో ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో లెక్క కట్టలేం. తరువాత చదువు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1959లో వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగు కాలేజి వచ్చాయి. సైదాపేట, గిండీ ఇక తప్పనిసరి కాకుండా పోయాయి. ఆ తరువాత అచ్చు. ‘ఆంధ్రప్రభ’ బెజవాడ చేరింది. ‘ఆంధ్రపత్రిక’ కూడా ఆంధ్రకు తరలి, 1991లో ఆగిపోయింది. చివరిది, అన్నిటికన్నా పెద్దది సినిమా. అక్కినేని నాగేశ్వరరావు 1960లలోనే హైదరాబాదుకు మారారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో లేచింది. రాష్ట్రంలో తీసిన చిత్రాలకు ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది. 1990ల నాటికి తెలుగు సినిమా ఇల్లు మారిపోయింది. ఈ కారణాల్లో ఏ ఒక్కటీ దుర్మార్గం కాదు. ఎక్కువ భాగం మనం కోరుకున్నవే, పోరాడి తెచ్చుకున్నవే. సొంత రాష్ట్రం కావాలన్నాం, వచ్చింది. వచ్చిన రాష్ట్రం తన కాలేజీలు, తన పత్రికలు, తన స్టూడియోలు తాను పెట్టుకుంది. అందువల్ల “మదరాసును మన చేతిలోంచి లాక్కున్నారు” అన్న మాటతో నేను ఏకీభవించలేను. నలభై ఏళ్ల పాటు, ఒక్కో స్టేషను చొప్పున, మనమే దిగిపోయాం.

రైలు ఇంకా ఉంది కదా, తెలుగువాళ్లూ ఇంకా లక్షల్లో ఉన్నారు కదా, పోయిందేమిటని అడిగేవారు ఉంటారు. మీటర్ గేజి బండ్లు 2004లో ఆగిపోయి బ్రాడ్‌గేజి వచ్చింది. బండ్లు వెడల్పయ్యాయి, ఎక్కువ మందిని మోస్తున్నాయి. 2023లో మాంబళం స్టేషను నుంచి టి.నగరు బస్టాండు దాకా ఆకాశ మార్గం కట్టారు; రంగనాథన్ వీధి రద్దీలో నలగకుండా నడిచిపోవచ్చు. వడపళనిలో 2015 నుంచి మెట్రో ఆగుతుంది. వాహిని ఫ్లోర్లు ఉన్న ఆవరణలో ఆసుపత్రి, ఒక పెద్ద మాల్ ఉన్నాయి. ఆసుపత్రి నాగిరెడ్డి గారు 1972లో స్వయంగా పెట్టినదే. వీటిలో వేటినీ నేను తప్పుపట్టను. ఊళ్లు ఇలాగే పెరుగుతాయి. తెలుగువాళ్లు ఉన్న మాటా నిజమే. టి.నగరులో వెంకటనారాయణ రోడ్డు తిరుమల దేవస్థానం గుడి దగ్గర, కేసరి బడి దగ్గర తెలుగు ఇప్పటికీ వినపడుతుంది. కానీ ఇంట్లో మాట్లాడే భాషకూ ఊళ్లో పనిచేసే భాషకూ తేడా ఉంది. అప్పుడు తెలుగు మదరాసులో పనిచేసింది. తెలుగు వస్తే జీతం వచ్చేది: ప్రూఫులు దిద్దడానికి, పాట రాయడానికి, మాట చెప్పడానికి, కథ అల్లడానికి, వార్త చదవడానికి. ఆ జీతం కోసమే రైలు ఎక్కారు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు బడుల కష్టాలు పెరిగిన మాట వాస్తవమే గానీ, అప్పటికే చాలా ముందు ఆ ఊళ్లో తెలుగు చేతి నుంచి పని జారిపోయింది. పని లేని భాషను బడి ఒక్కటే ఎంతకాలం మోస్తుంది?

ఇక మిగిలిన అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఆ జీవితం అంత గొప్పదా? ఎక్స్‌ట్రాల ఆకలి, ఏజెంట్ల చేతివాటం, గదికి ఆరుగురు, నీళ్ల కోసం కుళాయి దగ్గర తగవులు, వేషం వస్తుందని ఎదురుచూసి నెరిసిన జుట్టుతో సర్కారు ఎక్స్‌ప్రెస్సు ఎక్కి తిరిగిపోయినవాళ్లు. ముళ్లపూడి వెంకటరమణ ‘విక్రమార్కుడి మార్కు సింహాసనం’లో ఆ చిత్రలోకాన్ని వ్యంగ్యంగా బొమ్మ కట్టారు, ఆ నవ్వు కింద ఉన్న బాధ చదివినవాళ్లకు తెలుసు. ఆ కష్టాన్ని కాదనే హక్కు నాకు లేదు. అయినా ఒక్క సంగతి పట్టుబట్టి అడుగుతాను. ఆ కష్టపడ్డవాళ్ల ఊరు మన చరిత్రలో ఎక్కడ ఉంది? మన సినిమా చరిత్రలు స్టూడియోల పేర్లతో, తారల ఇళ్లతో నిండి ఉన్నాయి. మన రాష్ట్ర చరిత్రలు దీక్షలతో, తీర్మానాలతో నిండి ఉన్నాయి. ఈ రెంటి మధ్య, పార్కు దగ్గర రోడ్డు దాటి రెండో రైలు ఎక్కిన వేల మంది ఎక్కడా లేరు. వాళ్లు నడిచిన వీధుల పటం ఒకటి గీసినవారు లేరు. ఏ మెస్సు ఏ వీధిలో ఉండేదో, ఏ ప్రెస్సు ఏ మేడ మీద ఉండేదో తెలిసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ల వయసులో హైదరాబాదు అపార్టుమెంట్లలో ఉన్నారు. వాళ్లను ఇప్పుడు అడిగి రాసుకోవాలి. మరో పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

కాలిపోయిన మూర్ మార్కెట్టు స్థలంలో ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషను ఉంది. ఆంధ్ర సరిహద్దు దాటి సూళ్లూరుపేట దాకా అక్కడి నుంచే లోకల్ బండ్లు పోతాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఆ బండ్లలో నెల్లూరు, తిరుపతి జిల్లాల వాళ్లు చీరల కోసం వస్తారు. సెంట్రల్ దగ్గర దిగి, రోడ్డు దాటి, పార్కులో రెండో రైలు ఎక్కి, మాంబళంలో దిగుతారు. సరిగ్గా ఆ పాత దారే. రంగనాథన్ వీధిలో, పానగల్ పార్కు దగ్గర పట్టు కొంటారు; దుకాణాల్లో వాళ్లతో తెలుగులోనే మాట్లాడతారు. పొద్దు వాలకముందే సంచులతో ప్లాట్‌ఫారం మీదికి వచ్చి బీచి వైపు పోయే బండి కోసం నిలబడతారు. రాత్రికి ఎవరూ ఉండిపోరు.